అత్తగారి పేరూ, వాళ్ళ నాన్నగారి పేరూ

రష్యన్‌లో నమస్కారం చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నిజానికి అదేమంత పెద్ద మాట కాదు. కానీ అందులో హల్లులన్నీ రావులపాలెం వెళ్ళే షేర్ ఆటోలో జనంలాగా ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని ఉంటాయి. అచ్చులకి సీటు దొరకలేదు. మనదేమో ప్రతి మాట చివరా ఒక అచ్చు వేసుకుని, దాని మీద చేరగిలబడి ఊపిరి తీసుకునే నోరు. బస్సుని బస్ అని వదిలేస్తే మా ఊళ్ళో ఎవరికీ నిద్రపట్టదు.

పన్నెండో రోజు ఆ మాట మా ఆవిడ ముందు పలికాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "బానే ఉందండీ, ఎవరో జారిపడినట్టుంది" అంది.

మా ఆవిడది రష్యాలో ఓల్గా నది పక్కన ఒక చిన్న పట్నం. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. ఇద్దరం దుబాయిలో ఒకే హోటల్లో పనిచేశాం. నేను రిసెప్షన్ దగ్గర నిలబడి నవ్వేవాణ్ణి, ఆవిడ ఎదురుగా ఉన్న గిఫ్టుల కొట్టులో నవ్వకుండా నిలబడేది. రెండు వేల రెండులో పెళ్ళి చేసుకున్నాం. ఆ తరవాత నాన్నకి కాలు బాగోక కొబ్బరికాయల వ్యాపారం చూసుకోవడానికి నేను ఊరొచ్చేస్తే, ఆవిడా వచ్చేసింది. ఊరు ఊరంతా పెద్ద నాటకం ఆశించి మా అరుగు చుట్టూ మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు మా ఆవిడ అమ్మ పక్కన పీట వేసుకుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ కనపడేసరికి నిరాశపడి వెళ్ళిపోయింది.

ఆవిడ తెలుగు నేర్చుకున్నది అమ్మ దగ్గర, వంటింట్లో. అందుకని ఆరు నెలలు తిరక్కుండా నన్ను "ఏవండీ" అనడం, దేనికైనా "ఆయ్" అనడం వచ్చేశాయి. తెల్లటి మనిషి నోట "ఆయ్" విని ఒక కూరగాయలావిడ బుట్ట దించి మళ్ళీ అనిపించుకుని వెళ్ళింది. నా రష్యన్ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దుబాయిలో మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే కదా. ఆవిడకి నేను అర్థమవుతున్నానన్న ధైర్యంతో ఆవిడ భాష అవసరం లేదనుకున్నాను. కానీ ఆ పట్నంలో ఒక అమ్మగారు ఉన్నారు. ఒక్కగానొక్క కూతురు, భర్త పోయారు, ఇంగ్లీషు రాదు. మా పెళ్ళికి రాలేదు. ఫోటోలు చూసి ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడం రష్యన్‌లో కూడా మంచి గుర్తు కాదని మా ఆవిడ చెప్పింది.

నాకు రష్యన్ నేర్పింది కొత్తపేటలో ఒక రిటైరైన సోషల్ మాస్టారు. వయసులో ఉన్నప్పుడు, ఊళ్ళోకి సోవియట్ పుస్తకాల వ్యాను వస్తే, చవగ్గా వస్తున్నాయని రష్యన్ పాఠాల పుస్తకాలు కొని, ఒంటరిగా కూర్చుని ఆ భాష నేర్చేసుకున్నారాయన. అప్పటికి ఆయన ఒక్క రష్యన్ మనిషిని కూడా చూడలేదు. మా ఆవిణ్ణి పరిచయం చేస్తానంటే, "ఇప్పుడే వద్దోయ్, ఇంకో ఏడాది చదువుకోనీ" అన్నారు. పరీక్షకి భయపడే మాస్టారుని నేను అంతవరకూ చూడలేదు.

సాయంత్రం కొట్టు కట్టేసి సైకిలు మీద వెళితే, ఆయన అరుగు మీద చాప వేసి ఉంచేవారు. వ్యాకరణం గట్టిది. ఉచ్చారణ మాత్రం గోదావరి నీళ్ళు పట్టి పెరిగింది. ఇక వాక్యాలంటారా, ఆ పుస్తకంలో ఎవరికీ ఆకలి వెయ్యదు, దగ్గు రాదు, అత్తగారు ఉండరు. ట్రాక్టర్లు ఉంటాయి. మూడో పాఠానికల్లా నేను "మా కర్మాగారం ఈ ఏటి ప్రణాళికను నెరవేర్చింది" అని తడుముకోకుండా అనగలిగాను. మంచినీళ్ళు ఎలా అడగాలో పద్నాలుగో పాఠంలో ఉంది.

ప్రతి ఆదివారం కొత్తపేట సెంటర్లో ఫోను బూత్‌కి వెళ్ళేవాళ్ళం. క్యాబిన్‌లో ఒక్కరే పడతారు. ముందు మా ఆవిడ వెళ్ళి మాట్లాడి బయటికొచ్చేది, తరవాత నేను వెళ్ళేవాణ్ణి. నా చేతిలో మాస్టారు రాసిచ్చిన కాగితం. అందులో మొదటి చిక్కు మొదటి గీత మీదే ఉంది.

రష్యన్లు పెద్దవాళ్ళని గౌరవంగా పిలవాలంటే పేరు చెప్పి, దానికి వాళ్ళ నాన్న పేరు తగిలించి పిలుస్తారు. అండీ లేదు, గారు లేదు. మాస్టారు ఆ రెండు పేర్లూ అందంగా తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చి, ఇది తప్పకుండా అనాలన్నారు. నేను ఇంట్లో సాధన చేస్తుంటే అమ్మ విని, చేతిలో పని ఆపి, అదేమిటని అడిగింది. అత్తగారి పేరు అని చెప్పాను.

"అత్తగార్ని పేరెట్టి పిలుస్తావేంట్రా?" అంది అమ్మ. "పైగా మధ్యలో ఆవిడ నాన్నగార్ని కూడా లాగుతావా?"

అది వాళ్ళ మర్యాద అని చెప్పి చూశాను. మర్యాదైతే నోరు తిరక్కూడదా అంది. అమ్మ మాట అటుంచండి, నిజం చెప్పాలంటే నాకే నోరు రాలేదు. ఈ ప్రాంతంలో పుట్టినవాడు కల్లు తాగి గోడలు పట్టుకుని నడుస్తున్నా అత్తగారి పేరు ఎత్తడు. రేషన్ కార్డులో రాయించడానికి కూడా పక్కవాడి చేత చెప్పిస్తాడు. అందుకని నేను ఒక ఉపాయం చేశాను. ఆవిణ్ణి ఏమీ అని పిలవకుండా మానేశాను. మనకి అది తేలిక. ఒక అండీ వేస్తే పేరు లేని లోటు తీరిపోతుంది. రష్యన్‌లో అండీ లేదన్న సంగతి నేను అంత పట్టించుకోలేదు.

నమస్కారం అయ్యాక ఏం మాట్లాడాలి? మాస్టారు కాగితంలో వాతావరణం గురించి ఒక ప్రశ్న ఉంది. ఓల్గా ఒడ్డున ఉన్న మనిషిని ఈ కొబ్బరితోటల్లోంచి వాతావరణం అడగడం నాకు సబబుగా తోచలేదు. మనం మనిషి కనపడగానే ఏం అడుగుతాం? అదే మాస్టారు చేత రష్యన్‌లో రాయించుకున్నాను. భోంచేశారా?

అలా ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం, పేరూ ఊరూ లేకుండా ఒక మగగొంతు ఫోనెత్తి నమస్కారం చెప్పి, భోంచేశారా అని అడిగి, జవాబు అర్థం కాకపోయినా సంతోషం అని పెట్టేసేది. అవతల నిశ్శబ్దం రోజురోజుకీ పెరుగుతోందని నాకు అనిపించేది. ఆ లైనే అంత అనుకునేవాణ్ణి.

మా ఆవిడకి నెల తప్పింది. ఆ నెలలోనే రష్యా నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ చదివి మడిచి పక్కన పెట్టి, నన్ను కూర్చోమంది.

"ఏవండీ, మా అమ్మకి మీ మీద కోపంగా ఉందండీ."

ఎందుకో చెప్పింది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు రొట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. తొంభైల్లో అక్కడ పరిస్థితులు తలకిందులైనప్పుడు కొన్ని నెలలు జీతానికి బదులు రొట్టెలే ఇచ్చారట. మంచు పడే బజార్లో నిలబడి ఆ రొట్టెలమ్మి కూతుర్ని చదివించారు. ఆ రోజుల గురించి ఎవరి దగ్గరా ఎత్తరు. అలాంటావిణ్ణి, కనీసం పేరు పెట్టి గౌరవించడం కూడా రాని ఒక అల్లుడు, వారం వారం తిండి ఉందా అని పరామర్శిస్తున్నాడు. ఉత్తరంలో చివరి మాట మా ఆవిడ తెలుగు చేసింది. "కాన్పుకి నిన్ను తీసుకెళ్ళడానికి వస్తున్నాను. తరవాత సంగతి తరవాత."

ఆ తరవాత సంగతేమిటో నాకు తెలియనిది కాదు.

ఇక్కడ నా దురదృష్టం ఏమిటంటే, ఎదురు చెప్పడానికి నా వైపు శాస్త్రం లేదు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ మొదటి నుంచీ అంటోంది. వియ్యపురాలు కబురు చేసిందని తెలిసి సంబరపడిపోయి, "చూశావా, ఎంత దూరాన ఉన్నా పద్ధతి తెలిసిన మనిషి" అంది. ఈ రెండు దేశాలూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి. అది నా భార్యని నా దగ్గర నుంచి తీసుకెళ్ళే విషయం.

నేను నవ్వాను. మా ఇంట్లో నవ్వడం నా ఉద్యోగం. కానీ ఆ వారం కొబ్బరికాయలు లెక్కపెడుతూ మధ్యలో ఎన్నిసార్లు మరిచిపోయానో, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టానో నాకే తెలుసు. వెళ్ళాక ఆవిడ తిరిగి రాకపోతే? వాళ్ళ అమ్మ ముందు నా తరఫున మాట్లాడడానికి అక్కడ ఎవరున్నారు? నేనే మాట్లాడాలి. నాకు వచ్చినవి ట్రాక్టర్లు.

అత్తగారు నవంబరు చివర్లో వచ్చారు. రాజమండ్రి స్టేషన్లో నేను పూలదండ పట్టుకుని, నమస్కారం అనే మాట జారిపడకుండా పలికాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి తల ఊపారు. దండ చేతిలో పట్టుకుని, ఇది ఎక్కడ పెట్టుకోవాలో అన్నట్టు కూతురి వైపు చూశారు. ఊరొచ్చేదాకా కారులో తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. నాకు అందులో "కొబ్బరి" ఒక్కటే అర్థమైంది. అది కూడా మా ఆవిడ తెలుగులో అంది కాబట్టి.

ఆవిడకి మా చలికాలం మండువేసవిలా ఉంది. అమ్మ శాలువా కప్పుకుని వణుకుతూ తిరుగుతుంటే, ఆవిడ విసనకర్ర పట్టుకుని వరండాలో కూర్చునేవారు. ఆ కుర్చీలోంచే మా వీధిని చదివారు. పొద్దున్నే పాలాయన వచ్చి అమ్మతో ఏదో అంటాడు, అమ్మ ఆయ్ అంటుంది. టైలరు సైకిలు ఆపకుండానే అదే అంటాడు, అమ్మ అదే అంటుంది. బళ్ళోకి వెళ్ళే టీచరమ్మ, చర్చి పాస్టరుగారి భార్య, కరెంటు బిల్లు తెచ్చినతను, అందరూ అదే. నాలుగో రోజున ఆవిడ కూతుర్ని పిలిచి వీళ్ళంతా ఏమంటున్నారని అడిగారు.

"టిఫిను అయ్యిందా అని" చెప్పింది మా ఆవిడ.

అత్తగారు అనుమానంగా అమ్మని చూశారు. ఈవిడ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదే, పూజ కూడా అవలేదే, మరి అందరికీ అయ్యిందని ఎందుకు చెబుతోందని అడిగారట. మా ఆవిడ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ఇష్టం. వాళ్ళు అడుగుతున్నది తిండి గురించి కాదమ్మా, నువ్వు కనపడ్డావు అని చెబుతున్నారు, అందట. అత్తగారు వీధి వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. నేను వెంటనే నాకు సంబంధం లేని ఒక పనిలో పడ్డాను.

ఆ ఒక్క కేసు కొట్టేశారని నాకు అర్థమైంది. పేరు కేసు మిగిలింది.

దాన్ని తేల్చింది మాస్టారు. ఇస్త్రీ పంచె, పైన కోటు వేసుకుని, అంత దూరమూ రిక్షాలో, జీవితంలో మొదటిసారి ఒక రష్యన్ మనిషితో మాట్లాడడానికి వచ్చారు. అప్పటికే నా దగ్గర ఏడాది గడువు తీసుకుని ఉన్నారు కాబట్టి మా ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు, నేరుగా అత్తగారి ఎదట నిలబడ్డారు. రెండు చేతులూ జోడించి ఆవిణ్ణి పేరుతో, వాళ్ళ నాన్నగారి పేరుతో కలిపి పిలిచారు. ఉచ్చారణలో గోదావరి ఉంది. మర్యాదలో లోటు లేదు.

అత్తగారు విసనకర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

తరవాత మాస్టారు తనకి బాగా వచ్చిన వాక్యం అడిగారు. నేను లోపల తల పట్టుకున్నాను. మీ కర్మాగారం ప్రణాళికను నెరవేర్చిందా, అని. ఆ వాక్యం కోసమే పుట్టిన మనిషి ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే ఆవిడే మా వరండాలో ఉన్నారు. ముప్ఫై ఏళ్ళూ ప్రతి ఏడూ నెరవేర్చాం, అని ఆవిడ నెమ్మదిగా, మాస్టారుకి అందేలా, ఒక్కొక్క మాటే చెప్పారు. ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. పిండి గురించి, పొయ్యిల గురించి. మాస్టారు నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోయారు.

అమ్మ కాఫీ పట్టుకొచ్చి, పరాయి మగాడు వియ్యపురాల్ని పేరుతో పిలవడం విని, కప్పు ఇవ్వకుండా నిలబడిపోయింది. మాస్టారు గమనించారు.

"మనం పేరు వెనకాల గారు పెడతాం. వీళ్ళు పేరు వెనకాల నాన్నగార్ని నిలబెడతారండమ్మా," అన్నారు. "ఆడపిల్లని పిలిచినప్పుడల్లా వాళ్ళ నాన్నగార్ని కూడా పలకరించినట్టే."

అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన వెళ్ళాక మా ఆవిడ చెప్పింది, రిటైరైనప్పటి నుంచీ వాళ్ళమ్మని ఎవరూ అలా పిలవలేదట. ఇంటిపక్కవాళ్ళకి ఆవిడ ఆంటీ, డాక్టరుకి పేషంటు, కూతురికి అమ్మ. ఉద్యోగంతోపాటు ఆ పేరు కూడా రిటైరైపోయింది. నాకు అప్పటిదాకా, నేను ఆవిణ్ణి పేరుతో పిలవకపోవడం పెద్ద గౌరవమనే అనిపించింది. ఆవిడ ఎనిమిది నెలలు ఫోను దగ్గర కూర్చుని, తన నాన్నగారి పేరు ఒక్కసారి వినపడుతుందేమో అని చూశారని ఎవరికి తెలుసు.

డిసెంబరు మధ్యలో ప్రయాణం. కారు గేటు దగ్గర ఉంది. సామాను ఎక్కింది. నాన్న కర్ర మీద, ఇరుగుపొరుగు అరుగుల మీద. అందరూ నిలబడి ఉండగా అత్తగారు హఠాత్తుగా వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. కూతుర్నీ కూర్చోమన్నారు, మమ్మల్నీ చేత్తో కూర్చోమన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

అమ్మ నా చెవి దగ్గరకొచ్చి, "ఎవరు తుమ్మేరు?" అంది.

ఎవరూ తుమ్మలేదు. ప్రయాణానికి ముందు ఇంట్లోవాళ్ళంతా ఒక్క నిమిషం నిశ్శబ్దంగా కూర్చుని లేవడం వాళ్ళ పద్ధతి. మనం తుమ్మితే వెనక్కొచ్చి కూర్చుంటాం, వాళ్ళు తుమ్మకుండానే కూర్చుంటారు. అమ్మకి ఈ తేడా పట్టలేదు. ఎందుకైనా మంచిదని గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి వియ్యపురాలికిచ్చింది. ఆవిడ ఎందుకో తెలియకుండానే తాగేశారు. ఇద్దరి శాస్త్రమూ ఒకేసారి నెరవేరింది.

ఆ సాగనంపే నిమిషం కోసం నేను మాస్టారు దగ్గర నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మా ఆవిడ లేకుండా ఈ ఇల్లు ఉండదని, పిల్లతో సహా పంపమని, నేను వచ్చి తీసుకొస్తానని. గొప్పగానే ఉన్నాయి. లేచి అత్తగారి ముందుకెళ్ళి, అమ్మ వింటుండగా, ఆవిణ్ణి పేరుతో, వాళ్ళ నాన్నగారి పేరుతో పిలిచాను. ఆ పేర్లు ఇక్కడ రాయను. అమ్మ ఇది చదువుతుంది.

ఆవిడ తలెత్తి నన్ను చూశారు. నాలుగు వాక్యాలూ ఎగిరిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. వరండాలోంచి అందరూ చూస్తున్నారు. నోట్లో అరిగిపోయి సిద్ధంగా ఉన్నది ఒకటే. భోంచేశారా, అన్నాను.

మా ఆవిడ కళ్ళు మూసుకుంది.

అత్తగారు ప్రయాణం రోజు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. అప్పుడు ఆవిడ కడుపులో ఉన్నది అమ్మ ఇచ్చిన ఆ గ్లాసుడే.

"ఆయ్," అన్నారు అత్తగారు.

మూడు వారాల్లో ఆవిడ నేర్చుకున్న తెలుగు అదొక్కటే. తరవాత రష్యన్‌లో ఇంకో రెండు మాటలు చెప్పారు. అవి నాకు ఎవరూ తెలుగు చెయ్యకుండానే అర్థమయ్యాయి. మార్చిలో రా. వెచ్చటి బూట్లు తెచ్చుకో.

వెళ్ళాను. బూట్లు అమలాపురంలో కొన్నాను, అవి అక్కడి మంచులో రెండు రోజులు బతికాయి. ఏప్రిల్లో పాప పుట్టింది. జూన్‌లో ముగ్గురం తిరుగు ప్రయాణం. తరవాత సంగతి గురించి ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. పాప బట్టలు ఆవిడే సర్దారు, ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కొక్కటీ ఎక్కడుందో నాకు రెండుసార్లు చూపించి. ఇన్నాళ్ళూ ఆవిడ నా భార్యని లాక్కెళ్ళిపోతారని భయపడ్డానా, ఇప్పుడు ఆవిడ కూతుర్నీ మనవరాల్నీ లాక్కెళ్తున్నది నేనేనని ఆ సూట్‌కేసు జిప్పు లాగుతున్నప్పుడు తెలిసింది.

టాక్సీ కింద ఉంది. పద్ధతి ప్రకారం కూర్చున్నాం. పాప ఆవిడ ఒళ్ళో. ఆ నెలలో వాళ్ళ ఊళ్ళో చెట్ల నుంచి బూరుగుదూదిలాంటిది గాలినిండా ఎగురుతుంది, తెరిచిన కిటికీలోంచి ఇంట్లోకి కూడా వస్తుంది. నిమిషం అయ్యింది. అత్తగారు లేవబోయారు.

నేను తుమ్మాను.

ఆవిణ్ణి పేరుతో, వాళ్ళ నాన్నగారి పేరుతో పిలిచి, నాకు వచ్చిన రష్యన్‌లో చెప్పాను. మా ఊళ్ళో ఎవరైనా తుమ్మితే బయల్దేరకూడదండి, మళ్ళీ కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, తక్కువలో తక్కువ పది నిమిషాలు. వాక్యంలో తప్పులున్నాయి. ఆవిడ దిద్దలేదు. కూర్చుని పాపని మళ్ళీ భుజాన వేసుకున్నారు. కింద టాక్సీ హారను కొట్టింది. మేం ఎవరమూ కదలలేదు.

ఆ తుమ్ము నిజమైనదేనా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. దూది ఎగిరిందని చెబుతాను. ఎగిరింది కూడా.